పిసినారమ్మ ఏడేళ్ళ బ్యాటరీ

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ పిసినారమ్మ అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆవిడ నొచ్చుకునేది కాదు సరికదా, మురిసిపోయేది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనుషుల్ని మీరూ చూసే ఉంటారు. ఈవిడ పిసినారితనం డబ్బు దగ్గర కాదు, కరెంటు దగ్గర. అదీ ఇంట్లో ఫ్యానుకీ లైటుకీ అయ్యే కరెంటు కాదు. కొండల మీద వాన కొలిచే పెట్టెలుంటాయి చూడండి, వాటి బ్యాటరీలోంచి చుక్కచుక్కగా కారిపోయే కరెంటు. ఆంపియర్‌ని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రోఆంపియర్. అలాంటి ముక్కలు ఓ రెండు ఎక్కడో వృథా అవుతున్నాయంటే ఆవిడకి అన్నం సహించేది కాదు.

పెట్టె పనిచేస్తోందని చూపించడానికి పాత ఇంజనీరు ఒక ఎర్ర దీపం పెట్టాడు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దాన్ని పీకి పారేసింది. "కొండ మీద ఎవరు చూస్తారని ఈ దీపం? నక్కలా?" అంది. బ్యాటరీ ఎంత మిగిలిందో కొలిచే రెండు రెసిస్టర్లు పగలూ రాత్రీ కరెంటు తాగుతున్నాయని కనిపెట్టి, కొలిచే క్షణంలో తప్ప తాగకుండా వాటి నెత్తిన ఒక ట్రాన్సిస్టర్ని కాపలా పెట్టింది. సోల్డరింగ్ చేశాక బోర్డు మీద మిగిలే జిగట, తేమ తగిలితే కరెంటును జారవిడుస్తుందని ప్రతి బోర్డునీ పళ్ళు తోమే బ్రష్షుతో స్పిరిట్ పోసి తనే కడిగేది. ఎవరైనా ఒట్టి వేళ్ళతో బోర్డు ముట్టుకుంటే చేతి మీద ఒక్కటి వేసేది. ఒకసారి మేనేజరు చేతి మీదే వేసింది, ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందంటారా? మేనమామ ఇంట్లో. ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోయాడు. తల్లి తమ్ముడు వచ్చి ఆ పిల్లని భుజాన వేసుకుని తన రెండు గదుల ఇంటికి తీసుకుపోయాడు. ఆయన ఇదే కంపెనీలో బ్యాటరీలు మార్చే మనిషి. కొండల మీద ముప్ఫై ఒక్క పెట్టెలు. ఆరు వారాలకోసారి ప్రతి పెట్టె దగ్గరికీ నడిచి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు వీపున సంచి నిండా కొత్త సెల్లు, వచ్చేటప్పుడు అదే సంచి నిండా చచ్చిన సెల్లు. కాలికి బలపం కట్టుకు పుట్టాడురా వీడు అనేవారు తోటివాళ్ళు.

ఆ చచ్చిన సెల్లే పిసినారమ్మకి ఆటవస్తువులు. పెట్టెకి పనికిరానిది గడియారానికి పనికొస్తుందని, గడియారానికి పనికిరానివి నాలుగు కలిపితే చిన్న బల్బు వెలుగుతుందని తొమ్మిదేళ్ళకే తనంతట తనే తెలుసుకుంది. మామయ్యకి పిల్లల్లేరు. వీధిలో కనిపించిన ప్రతివాణ్ణీ నిలబెట్టి, "మా అమ్మాయి చచ్చినవాటికి ప్రాణం పోస్తుంది, తెలుసా?" అని చెప్పుకునేవాడు. కాళ్ళు అరగదీసుకుని ఇంజనీరింగ్ చదివించాడు. ఉద్యోగానికి కూడా ఆయనే మేనేజరు గది బయట రెండు పూటలు నిలబడి అడిగాడు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు మేనేజరు ఆవిణ్ణి పిలిచి, ఒక్క బ్యాటరీతో పెట్టె ఎన్నాళ్ళు నడుస్తుందని అడిగాడు. "ఏడేళ్ళు నడిపిస్తాను సార్" అంది. ఆయన నోరు తెరిచాడు.

పెట్టె సంగతి కాస్త చెప్పాలి. కొండ జారే ప్రమాదముంటే కిందివాళ్ళని ఖాళీ చేయించేది దీని వాన లెక్క చూసే. పైన గరాటు, పెట్టెకి మూత కూడా అదే. గరాటు కింద రెండు వైపులా గుంట ఉన్న చెంచా లాంటిది. ఒక గుంట వాన నీటితో నిండగానే అటు ఒరిగి ఒలికిపోతుంది, రెండోది పైకొస్తుంది. అలా ఒరిగిన ప్రతిసారీ లోపలి మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు నిద్రలేచి, ఒకటి లెక్కపెట్టి, మళ్ళీ పడుకుంటుంది. బ్యాటరీని నిజంగా మింగేది రేడియో. పాత పెట్టెలు వాన ఉన్నా లేకపోయినా పావుగంటకోసారి ఆఫీసుకి కబురు పంపేవి. పిసినారమ్మ దాన్ని మార్చేసింది. వాన పడితేనే కబురు. పడకపోతే రోజుకోసారి, బతికే ఉన్నానని ఒక్క ముక్క, అంతే. మిగతా కాలమంతా కుంభకర్ణుడి నిద్ర.

అసలు కొండెక్కే మనిషి అక్కడ ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలని మామయ్య ఇరవయ్యేళ్ళుగా నింపిన ఫారాలన్నీ తెప్పించి చూసింది. ప్రతి ఫారంలో పెట్టె నంబరు, తేదీ, 'బ్యాటరీ మార్చాను' అని ఒక గడి. గడిలో టిక్కు. ఇంకే గడీ లేదు. కాబట్టి మనిషి కొండెక్కేది బ్యాటరీ కోసమేనని తేల్చుకుంది. చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది! ఆయన ప్రతిసారీ గరాటు పైకెత్తి ఆకులు ఏరేవాడు, చీమల పుట్టలు దులిపేవాడు, చెంచాకి పట్టిన సాలెగూడు తువ్వాలుతో తుడిచేవాడు. అడవిపందులు ఒరగదోసిన స్తంభాన్ని రాళ్ళు పెట్టి నిలబెట్టేవాడు. వాటికి గడి లేదు కనుక రాయలేదు. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు.

పాపం, అసలు చెప్పలేదనడం కూడా అన్యాయమే. కొత్త పెట్టె నమూనా ఇంటికి తెచ్చి చూపించిన రోజు చెప్పాడు.

"బానే ఉంది గానీ అమ్మాయ్, గరాటులో ఆకులు పడితేనో?"

"జాలీ పెట్టాను కద మామయ్యా. చూడు, స్టీలు జాలీ."

"జాలీ మీద ఆకు పడితే మూత వేసినట్టేగా? పదిహేడో పెట్టె మీద ఆ పెద్ద చెట్టుంది, రోజూ రాలుస్తుంది. పిట్టలు కూడా వాలతాయి."

"గాలికి పోతాయిలే. నువ్వు మరీ! అన్నీ నీ చేతులమీదే జరగాలంటావు."

ఆయన నవ్వేశాడు. నోట్లో నాలుక లేని మనిషి, వాదించడం ఎరగడు. మేనకోడలు కట్టిన పెట్టె కదా, దానికి తెలియదా అనుకున్నాడు.

ప్రతిపాదన కాగితం పిసినారమ్మే రాసింది. దాని చివర, 'బ్యాటరీలు మార్చే మనిషి అవసరం ఇకపై ఉండదు' అని కూడా ఆవిడే రాసింది. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. మామయ్యని స్టోర్స్‌లో వేస్తారులే అనుకుంది. వేస్తారా అని ఒక్కరినైనా అడగలేదు. అడిగితే కాదంటారేమోనని భయం. కొత్త పెట్టెలు కొండెక్కిన నెలకి మామయ్యని పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు. అందులో బ్యాటరీ కూడా లేదు.

ఆయన ఇంటికొచ్చి, "మరేం ఫర్వాలేదు, మోకాళ్ళు కూడా నొప్పిగానే ఉంటున్నాయి" అన్నాడు. అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. మేనకోడలి గది గుమ్మంలో నిలబడి, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే" అంది. ఆ వారమే పిసినారమ్మ ఆఫీసుకి దగ్గరగా వేరే ఇల్లు చూసుకుంది.

కొత్త పెట్టెలు నిజంగానే బంగారంలా పనిచేశాయి. ఏ పెట్టె ఎంత కరెంటు తాగిందో రోజువారీ గీత గీసి, కాగితం గోడకి అంటించి, పొద్దున్నే వచ్చి దేవుడి పటం చూసినట్టు చూసేది. ఏడాది కావస్తుండగా ఆ గీతల్లో ముళ్ళు కనిపించాయి. ఒకరోజు నాలుగో పెట్టెలో, మర్నాడు ఐదులో, ఆ మర్నాడు ఏడులో. ఎవరో మూతలు తీస్తున్నారు. మూత తీయగానే పెట్టె లేచి ఆఫీసుకి కబురు పంపాలని తనే రాసింది, దొంగల భయంతో. లేచిన ప్రతిసారీ రెండు రోజుల బ్యాటరీ వృథా. ఆవిడ ఒళ్ళు మండిపోయింది. ముళ్ళ వరస చూస్తే ఎవరో నడిచి వెళ్తున్న దారి తెలిసిపోతోంది. ఆ దారి ఎవరిదో ఆవిడకి తెలియక కాదు. తెలిసీ, మేనేజర్ని వెంటబెట్టుకుని, గేటు దగ్గర కాపలావాణ్ణి కూడా జీపెక్కించుకుని, పదిహేడో పెట్టె దగ్గర కాపు కాసింది.

పదిహేడో పెట్టె కిందే రోడ్డు పనివాళ్ళ షెడ్లున్నాయి. మధ్యాహ్నం వేళ, భోజనాలు చేస్తున్న పనివాళ్ళంతా చూస్తుండగా మామయ్య పైకొచ్చాడు. గరాటు ఎత్తి, చేతిలో తువ్వాలుతో చెంచా తుడుస్తుండగా పట్టుకున్నారు.

"ఏమయ్యా, కంపెనీ పెట్టె ముట్టుకోవడానికి నువ్వెవడివి?" అన్నాడు మేనేజరు.

మామయ్య ఆయనకి జవాబు చెప్పలేదు. మేనకోడలి మొహం చూశాడు. తన తరఫున ఆవిడ చెబుతుందని అనుకున్నాడు.

"నువ్వు మూత తీసినప్పుడల్లా ఇది నిద్ర లేస్తోంది మామయ్యా" అంది ఆవిడ. "రెండు రోజుల బ్యాటరీ పోతోంది, తెలుసా?"

"రెండు రోజులేగా తల్లీ. ఏడేళ్ళలో రెండు రోజులు."

"ఒక్కసారా? వచ్చినప్పుడల్లా పోతోంది! నా ఏడేళ్ళు కాస్తా ఆరేళ్ళయి కూర్చుంటాయి."

కాపలావాడు ఆయన సంచి లాక్కుని బోర్లించాడు. ఒక బ్రష్షు, మంచినీళ్ళ సీసా, అన్నం మూట కింద పడ్డాయి. పనివాళ్ళలో ఎవరో నవ్వారు. షెడ్ల మేస్త్రీ మాత్రం లేచి వచ్చి అన్నం మూట ఏరి ఇచ్చాడు, "పెద్దాయన జీతం లేకుండా చేస్తున్నాడు కదండీ, తప్పేముంది?" అన్నాడు. మేనేజరు జీపు వైపు నడిచాడు. పిసినారమ్మ ఆ నెలలోనే ముప్ఫై ఒక్క మూతలకీ కొత్తరకం మరలు చేయించింది. వాటిని విప్పే తాళంచెవి ఒక్కటే, అది ఆవిడ సొరుగులో ఉంటుంది. ఆ రోజు మామయ్య కొండ దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తాడేమోనని ఆవిడ యాంటెనా వైపు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత గీతలు నున్నగా అయ్యాయి. అన్నిటికంటే నున్నటి గీత పదిహేడో పెట్టెది. ఎంత వానాకాలమైనా అది రోజుకోసారి తప్ప లేవదు. పదహారు లేస్తుంది, పద్దెనిమిది లేస్తుంది, పదిహేడు మాత్రం బుద్ధిమంతురాలైన కోడల్లా ఉలకదు పలకదు. రెండేళ్ళకి బ్యాటరీ నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మిగిలే ఉంది. సందర్శకులు వస్తే మేనేజరు ఆ కాగితమే చూపించేవాడు. ఇటూ అటూ వాన పడుతుంటే మధ్యలో ఎందుకు పడదని ఒక్కరైనా అడగాలా వద్దా? అడగలేదు. ఆవిడకే ఒకసారి అనుమానం వచ్చింది. ఆ వంపులో మబ్బు ఆగదు కాబోలు అని తనకి తనే సర్ది చెప్పుకుంది. తను కన్న బిడ్డ మంచిదని నమ్మడానికి తల్లికి సాక్ష్యం కావాలా?

మూడో వానాకాలంలో, నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన ఒక మధ్యాహ్నం, ఆవిడ బల్ల మీద ఫోను మోగింది. షెడ్ల మేస్త్రీ. వాన హోరుకి వినపడక స్పీకర్ పెట్టి అరుస్తున్నాడు.

"అమ్మా, ఆ పెద్దాయన వచ్చి షెడ్లు ఖాళీ చెయ్యమంటున్నారు. ఖాళీ చేస్తే పని ఆగుతుంది, కాంట్రాక్టరు చంపేస్తాడు. మీ పెట్టె ఏమంటోంది?"

ఆయన మాట పూర్తి కాకముందే మామయ్య గొంతు వినిపించింది. రొప్పుతున్నాడు.

"అమ్మాయ్, నేనే. పైకెళ్ళి చూసొచ్చాను. నీ పెట్టె గరాటు ఆకులతో పూడుకుపోయింది, మూత తీద్దామంటే రాలేదు. కొండ పక్క నుంచి బురద నీళ్ళు ఊరుతున్నాయి, రాళ్ళు జారుతున్నాయి. నా మాట వీళ్ళు వినడం లేదే. కంపెనీ మాటైతే వింటారు. ఒక్క మాట చెప్పు తల్లీ."

ఆవిడ తెర వైపు చూసింది. పదహారులో గీత ఆకాశానికి ఎక్కింది. పద్దెనిమిదిలోనూ అంతే. పదిహేడులో సున్నా. బ్యాటరీ తొంభై తొమ్మిది. ఆ సున్నా మీద ఆవిడకి ఉన్న నమ్మకం, పెంచిన మనిషి కళ్ళ మీద లేకపోయింది. పైగా పాత కోపం ఒకటి. మళ్ళీ పెట్టె జోలికి వెళ్ళాడు, మూత తీయబోయాడు!

"ఫోను మేస్త్రీకి ఇవ్వు" అంది. "ఏమండీ, పదిహేడులో వాన సున్నా. ఆయన మాట పట్టించుకోకండి. ఉద్యోగం పోయినప్పట్నించీ ఆయనకి ఆ పెట్టెల పిచ్చి పట్టింది."

స్పీకర్‌లో ఆ మాట అందరూ విన్నారు. మామయ్య కూడా విన్నాడు. ఫోను పెట్టేసే ముందు ఎవరో కిసుక్కున నవ్వడం ఆవిడకి వినిపించింది.

ఆ మాట విని ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. షెడ్డు షెడ్డుకీ తిరిగి తలుపులు బాదాడు. చంటిపిల్లలున్న ఆడవాళ్ళు ముందు కదిలారు. తిట్టుకుంటూ కొందరు, నవ్వుకుంటూ కొందరు, మొత్తం పదకొండు మంది ఆ ముసలాయన వెనక మలుపు దాకా వెళ్ళారు. పెట్టె సున్నా చెప్పిందని నమ్మి మేస్త్రీ ఉండిపోయాడు. ఆయనతో ఇద్దరు ఉండిపోయారు. ఇంకో ముప్పావుగంటకి కొండ జారింది. షెడ్ల మీద ఎంత మట్టి పడిందంటే, ముగ్గురినీ తీయడానికి రెండు రోజులు పట్టింది.

పెట్టె కూడా దొరికింది. స్తంభంతో సహా కొట్టుకొచ్చినా చెక్కుచెదరలేదు. పిసినారమ్మ సొరుగులోంచి తాళంచెవి తీసుకెళ్ళి తనే మరలు విప్పింది. జాలీ మీద అట్టకట్టిన ఆకులు, వాటి మీద పిట్ట పేర్చుకున్న పుల్లలు. కింద చెంచా పొడిగా ఉంది. అది రెండేళ్ళుగా ఒక్కసారి కూడా ఒరగలేదు. మీటరు పెట్టి చూస్తే బోర్డు రెండంటే రెండే మైక్రోఆంపియర్లు తాగుతోంది. ఆవిడ ఆఫీసుకి తిరిగొచ్చింది. బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.

మేనేజరు తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడవకమ్మా. పెట్టెలో దోషం లేదు, బోర్డులో దోషం లేదు. గరాటుది. గరాటు ఎవరు ముట్టుకునేవాళ్ళు?"

"మరలు వేశాక ఎవరూ ముట్టుకోలేదు సార్."

"మరలు వేయకముందు ముట్టుకున్నాడా లేదా? మూత తీసినట్టు మన దగ్గర రికార్డుంది. నువ్వే చూపించావు." గొంతు తగ్గించి, "ఆ రోజు షెడ్ల నుంచి ఆఫీసుకి ఫోను ఏమైనా వచ్చిందా?" అని అడిగాడు.

ఆవిడ లెక్క వేసుకుంది. మేస్త్రీ లేడు, ఆయన ఫోను మట్టిలో ఉంది. ఫోన్‌లో విని నవ్వినవాళ్ళు ఆ ఏడు వచ్చిన కొత్తవాళ్ళు, ఆఫీసు నుంచి మాట్లాడినావిడ ఎవరో ఎరగరు. ఎరిగినవాడు ఒక్కడే.

"రాలేదు సార్" అంది.

మామయ్య పేరున ఒప్పుకోలు కాగితం తెమ్మన్నాడు మేనేజరు. అది ఎవరు రాశారనుకున్నారు? ఆవిడే రాసింది. ఆవిడ సర్క్యూట్లలాగే ఉంది, నాలుగే వాక్యాలు, ఒక్క మాట వృథా లేదు.

మామయ్య ఇంటికి వెళ్ళేసరికి పొద్దున పదయింది. ఆయన వసారాలో చాప మీద కూర్చుని, రాళ్ళు తగిలి చిట్లిన పాదానికి మందు రాసుకుంటున్నాడు. అత్తయ్య లోపల్నించి చూసింది, రమ్మనలేదు.

"ఆఫీసు కాగితం మామయ్యా. సంతకం కావాలి."

"చదువు."

చదివింది. ఆవిడ గొప్పతనం ఏమైనా ఉంటే ఇదొక్కటే, ఒక్క ముక్క కూడా దాచకుండా చదివింది. అనుమతి లేకుండా పదిహేడో పెట్టె తెరిచానని, గరాటును పాడుచేశానని, దానివల్లే వాన లెక్క తప్పిందని, ఇందులో కంపెనీ తప్పేమీ లేదని ఒప్పుకుంటున్నాను.

అత్తయ్య ఒక్క ఉదుటున బయటికొచ్చింది. "నీ చేతులు పడిపోనూ! పాలుపోసి పెంచామే నిన్ను!" అని మీదికి వస్తుంటే మామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఇది పోలీసుల దగ్గరికి వెళ్తుందా?"

ఆఫీసు ఫైల్లోకేనని చెప్పమన్నాడు మేనేజరు. "వెళ్తుంది" అంది ఆవిడ.

"సంతకం పెట్టకపోతే?"

ఆవిడ పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"నిన్న మేస్త్రీ భార్య వచ్చింది" అన్నాడు ఆయన, మందు డబ్బా మూత పెడుతూ. "ఆ రోజు ఫోన్‌లో మాట్లాడిన ఆఫీసావిడ ఎవరని అడిగింది. నేను పక్కనే ఉన్నాను కదా, నాకు తెలిసే ఉంటుందని."

పిసినారమ్మ చాప అంచున కూర్చుంది. "ఏం చెప్పావు మామయ్యా?"

"తెలీదన్నాను."

అత్తయ్య వసారా స్తంభానికి తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. మామయ్య కాగితం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, తడుముకుంటూ పేరంతా పూర్తిగా రాశాడు. ఇరవయ్యేళ్ళు ఫారాల్లో టిక్కులు పెట్టిన చెయ్యి అది, ఇంత పొడుగు సంతకానికి అలవాటు లేదు. కాగితం ఆవిడకి ఇచ్చి, కళ్ళు తుడుచుకుని, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆవిడ లేచి నిలబడి కాగితం పైనుంచి కింది దాకా చూసుకుంది. మడవబోయి ఆగింది.

"తేదీ కూడా వెయ్యాలి మామయ్యా" అంది.

ఆయన తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాచి కాగితం తీసుకుని, "ఇవాళ ఎంత?" అని అడిగాడు.

ఆవిడ చెప్పింది. ఆయన వేశాడు.